వేలం అయిన గని ఎందుకు తెరుచుకోదు: ఖనిజ చట్ట సవరణల లెక్కలు, చిక్కులు

టన్ను ఇనుప ఖనిజం సగటు అమ్మకపు ధర 4,000 రూపాయలు అనుకుందాం. ఇది లెక్క తేలిగ్గా ఉండటానికి తీసుకున్న అంకె. దాని మీద రాయల్టీ 15 శాతం, అంటే 600. ఆ రాయల్టీ మీద 10 శాతం జిల్లా ఖనిజ ఫౌండేషన్‌కు, 60. మళ్లీ రాయల్టీ మీదే 3 శాతం జాతీయ ఖనిజాన్వేషణ, అభివృద్ధి ట్రస్టుకు, 18. ఖనిజం విలువలో ఇంత శాతం రాష్ట్రానికి అదనంగా ఇస్తామని వేలంలో పాడిన ప్రీమియం 100 శాతం అయితే ఇంకో 4,000. మొత్తం 4,678 రూపాయలు ప్రభుత్వ ఖాతాలకే పోతాయి. డ్రిల్లింగు, పేలుళ్లు, ఎక్స్‌కవేటర్లు, టిప్పర్లు, క్రషర్, జీతాలు ఇంకా లెక్కలోకే రాలేదు. నాలుగు వేల సరుకు మీద నాలుగు వేల ఏడు వందలు కట్టే వ్యాపారి ఎవరైనా ఉంటారా అంటే, ఉన్నారు. 2020లో ఒడిశాలో గడువు తీరిన ఇనుప గనులను వేలం వేసినప్పుడు కొన్ని 100 శాతం దాటి పోయాయి.

భారతదేశ ఖనిజ చట్టంలో 2015 నుంచి వచ్చిన మార్పులన్నీ ఈ ఒక్క లెక్క చుట్టూ తిరుగుతున్నాయి. గని ఎవరికి ఇవ్వాలన్న ప్రశ్నకు వేలం ఒక నిక్కచ్చి సమాధానం ఇచ్చింది. కానీ భూమిలో ఏముంది, పైన ఉన్న నేల ఎవరిది, అనుమతులు ఎవరు తేవాలి అన్న మూడు ప్రశ్నలనూ పాడుకున్నవాడి నెత్తినే పెట్టింది. అందుకే వందల బ్లాకులు వేలం అయితే, తవ్వకం మొదలైనవి పదుల్లోనే ఉన్నాయి.

వేలానికి ముందు పద్ధతి ఏమిటో చూస్తే అది ఎందుకు తప్పనిసరి అయిందో తెలుస్తుంది. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం, వాడుకలో ఎంఎండీఆర్ చట్టం, 11వ సెక్షన్‌లో ముందు దరఖాస్తు పెట్టినవాడికి ప్రాధాన్యం ఇచ్చింది. కాగితం మీద అది సూటి నియమమే. అయితే అదే సెక్షన్‌లో, ప్రత్యేక కారణాలు రాసి వెనక వచ్చిన దరఖాస్తుకు కూడా లీజు సిఫారసు చేయవచ్చన్న వెసులుబాటు ఉంది. విచక్షణ అంతా ఆ సందులోంచే నడిచింది. రాష్ట్రం సిఫారసు చేయాలి, ముఖ్యమైన ఖనిజాలకు కేంద్రం ముందస్తు ఆమోదం ఇవ్వాలి. ఫైలు రెండు రాజధానుల మధ్య ఏళ్ల తరబడి తిరిగేది. బళ్లారి తవ్వకాలపై కర్ణాటక లోకాయుక్త నివేదికలు 2008, 2011లో వచ్చాయి. 2011లో సుప్రీంకోర్టు బళ్లారి, చిత్రదుర్గ, తుమకూరు జిల్లాల్లో ఇనుప గనులు ఆపించింది. గోవాలో 2012లో తవ్వకాలు ఆగిపోయాయి. 2014 సెప్టెంబరులో 204 బొగ్గు బ్లాకుల కేటాయింపు ఒక్క తీర్పుతో రద్దయింది. ఇన్ని దెబ్బలు తగిలాక 2015 జనవరి 12న ఆర్డినెన్సు వచ్చింది, ఆ తర్వాత అదే చట్టమైంది. పెండింగులో ఉన్న దరఖాస్తులు, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, ఒక్క కలం పోటుతో చెల్లకుండా పోయాయి. లీజు కాలం 50 ఏళ్లు, పునరుద్ధరణ లేదు, కొత్త లీజు కావాలంటే వేలం ఒక్కటే దారి.

ఆ వేలం నడిచే తీరు ఇది. రాష్ట్రం బ్లాకును నోటిఫై చేసి రిజర్వు ధర ప్రకటిస్తుంది. అది రూపాయల్లో కాదు, రవాణా అయ్యే ఖనిజం విలువలో ఇంత శాతం అని ఉంటుంది. మొదటి దశలో సాంకేతిక బిడ్డుతోపాటు తొలి ధర ఆఫర్ వేస్తారు. సాంకేతికంగా అర్హులైనవాళ్లు కనీసం ముగ్గురు ఉండాలి. లేకపోతే ఆ విడత రద్దు. రెండో విడతలో ముగ్గురి కన్నా తక్కువ ఉన్నా ముందుకు పోవచ్చు. అర్హుల్లో పైనున్న సగం మంది లేదా అయిదుగురు, ఏది ఎక్కువైతే అంతమంది, రెండో దశకు వెళ్తారు. తొలి ఆఫర్లలో అత్యధికమైనది ఆన్‌లైన్ పాటకు ప్రారంభ ధర అవుతుంది. అక్కడి నుంచి శాతాలు పెరుగుతూ పోతాయి.

పాట గెలిచినవాడు వెంటనే కట్టే సొమ్ము ఎంత? మైనింగ్ లీజు బ్లాకు అయితే ముందస్తు చెల్లింపు అంచనా నిల్వల విలువలో అర శాతం. దాన్ని 10, 10, 80 శాతం చొప్పున మూడు వాయిదాల్లో కట్టాలి. పైన అనుకున్న ధరకే రెండు కోట్ల టన్నుల బ్లాకు తీసుకుంటే నిల్వల విలువ 8,000 కోట్లు, ముందస్తు చెల్లింపు 40 కోట్లు, అందులో మొదటి వాయిదా 4 కోట్లు. ఆ 4 కోట్లు కట్టగానే లెటర్ ఆఫ్ ఇంటెంట్, అంటే షరతులు తీరిస్తే లీజు ఇస్తామన్న పత్రం, చేతికి వస్తుంది. రెండో వాయిదా, దాంతోపాటు నిల్వల విలువలో మరో అర శాతం పనితీరు హామీ, ఆ తర్వాతి మెట్టు. 80 శాతం వాయిదా అనుమతులన్నీ వచ్చి గని అభివృద్ధి, ఉత్పత్తి ఒప్పందం మీద సంతకాలు అయ్యాకే. అంటే 8,000 కోట్ల నిల్వ మీద హక్కును మొదట కొన్నాళ్లు 4 కోట్లతో పట్టి ఉంచవచ్చు. పెద్ద శాతాలు పాడటానికి ఇదొక కారణం. ఖనిజం ధర పెరిగితే లాభం, పెరగకపోతే తాత్సారం చేసి, చివరికి హామీ పోగొట్టుకుని తప్పుకోవచ్చు. శాతం పాడటానికి ఆ క్షణాన రూపాయి ఖర్చు లేదు.

ఇంకో కారణం సగటు అమ్మకపు ధర తయారయ్యే తీరు. నాగపూర్‌లోని భారతీయ గనుల బ్యూరో, అంటే ఐబీఎం, గనుల యజమానులు ప్రతి నెలా దాఖలు చేసే రిటర్నుల నుంచి, రాష్ట్రాల వారీగా, గ్రేడుల వారీగా గని దగ్గరి ధరను లెక్కకట్టి ప్రకటిస్తుంది. ప్రీమియం ఆ ధర మీదే. సొంత ప్లాంటు ఉన్న ఉక్కు కంపెనీకి కావలసింది ఆ ధర కాదు, తన ఫర్నేసు గేటు దగ్గర పడే ధర. బయట కొంటే రవాణా, దళారీ లాభం, కొరత వచ్చినప్పటి పెంపు అన్నీ కలిసి వచ్చే మొత్తంతో అది బేరీజు వేసుకుంటుంది. పైగా 2020 ఒడిశా గనులు నడుస్తున్న గనులు. పాత లీజుదారు తెచ్చుకున్న పర్యావరణ, అటవీ అనుమతులు కొత్తవాడికి బదిలీ అయ్యేలా ఆ ఏడాదే చట్టం మార్చారు, 2021లో ఆ బదిలీని పూర్తి కాలానికి వర్తింపజేశారు. రెడీగా ఉన్న గని కోసం పోటీ పడినవాళ్లు శాతం ఎంతైనా పాడారు. ప్లాంటు లేని వ్యాపారికి ఈ బేరం కలిసిరాదు. పాడుకున్న కొందరు తర్వాత లీజులు తిరిగి అప్పగించేశారు కూడా.

ధర లెక్కలోనే ఇంకో తిరకాసు ఉంది. గని దగ్గరి ధరలో రాయల్టీ, ఫౌండేషన్, ట్రస్టు చెల్లింపులు కలిసే ఉంటాయి. వాటిని తీసేయకుండా సగటు కట్టి, ఆ సగటు మీద మళ్లీ రాయల్టీ వేస్తే రాయల్టీ మీద రాయల్టీ పడుతుంది. గ్రేడుల గీతల దగ్గర ఇంకో ఆట. 60 నుంచి 62 శాతం ఇనుము ఉన్న ముక్కకు ఒక ధర, 62 నుంచి 65కు ఇంకో ధర. 62.1 వచ్చిన కుప్పను 61.8 అని చూపిస్తే రాయల్టీ, ప్రీమియం రెండూ తగ్గుతాయి. అడ్డుకట్ట ఒక్కటే: కుప్ప నుంచి నమూనా తీసేటప్పుడు గనుల శాఖ మనిషి దగ్గర ఉండటం, నమూనాను మూడు భాగాలు చేసి ఒకటి సీలు వేసి ఉంచడం, పర్మిట్ ఆ ఫలితం మీదే ఇవ్వడం. కంప్యూటర్ పర్మిట్ వచ్చినంత మాత్రాన ఇది తీరదు. కంప్యూటర్‌కు ఎక్కించే అంకె ఎవరు ఇచ్చారన్నదే అసలు సంగతి.

ఇక లెటర్ ఆఫ్ ఇంటెంట్ చేతికొచ్చాక నడవాల్సిన దారి. ముందు మైనింగ్ ప్లాన్ తయారుచేసి ఐబీఎం ఆమోదం పొందాలి. దాని ఆధారంగా పర్యావరణ అనుమతికి దరఖాస్తు, అధ్యయన పరిధి ఖరారు, వానాకాలం కాని ఒక సీజన్ గాలి, నీరు, శబ్దం కొలతలు. సీజన్ తప్పితే ఏడాదిలో సగం పోయినట్టే. ఆ తర్వాత ప్రజాభిప్రాయ సేకరణ. 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, నివేదిక సారాంశం స్థానిక భాషలో పంచాయతీలో ఉండాలి, కలెక్టర్ గానీ ఆయన తరఫున తగిన హోదా ఉన్న అధికారి గానీ అధ్యక్షత వహించాలి. సారాంశం ఇంగ్లిషులో మాత్రమే పెట్టడం, లేదా తెలుగు అనువాదంలో గ్రామాల పేర్లు, సర్వే నంబర్లు తప్పు పడటం చిన్న పొరపాటుగా కనిపిస్తుంది. గ్రీన్ ట్రైబ్యునల్ దాకా పోయేది సాధారణంగా ఇలాంటి పొరపాటే. అటవీ భూమి ఉంటే రెండు అంచెల అనుమతి, నికర ప్రస్తుత విలువ చెల్లింపు, బదులు మొక్కల పెంపకానికి అంతే విస్తీర్ణంలో అటవీయేతర భూమి. ఆ బదులు భూమి వెతకడంలోనే చాలా ఫైళ్లు ఆగిపోతాయి. తర్వాత కాలుష్య నియంత్రణ మండలి నుంచి స్థాపనకు, నడపడానికి వేర్వేరు సమ్మతులు. అన్నీ అయ్యాక ఒప్పందం, 80 శాతం వాయిదా, లీజు డీడ్, స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్, ఆపై గనుల భద్రతా డైరెక్టరేట్‌కు గని తెరుస్తున్నట్టు నోటీసు.

భూమి సంగతి ఈ జాబితాలో ఎక్కడా లేకపోవడం గమనించాలి. ఖనిజ లీజు ఇచ్చేది నేల లోపలి ఖనిజం మీద హక్కు. పైన ఉన్న నేల హక్కు అది ఇవ్వదు. పట్టాదారులకు నష్టపరిహారం ఇవ్వాలని చట్టం చెబుతుంది గానీ బేరం కుదుర్చుకోవాల్సింది పాడుకున్నవాడే. సున్నపురాయి బ్లాకులో వంద మంది పట్టాదారులు ఉంటే వంద బేరాలు. చివరి పది మంది చెప్పే ధర మొదటి పది మంది తీసుకున్న ధరకు ఎన్నో రెట్లు ఉంటుంది. తెలుగు రాష్ట్రాల్లో అసైన్డ్ భూమి తగిలితే 1977 నాటి బదలాయింపు నిషేధ చట్టం అడ్డం వస్తుంది. వేలం నోటీసుకు జతచేసే బ్లాకు సారాంశంలో ప్రభుత్వ భూమి ఇంత, పట్టా ఇంత, అటవీ ఇంత అని మూడు అంకెలు ఉంటాయి. సర్వే నంబర్ల వారీగా అడంగల్, పహాణీలతో సరిచూసి ఆ అంకెలు వేసిన బ్లాకుకూ, జిల్లా కార్యాలయంలో కూర్చుని వేసిన బ్లాకుకూ తేడా రెండేళ్ల తర్వాత బయటపడుతుంది.

ఏజెన్సీలో ఇంకో మెట్టు ఉంది. అప్పటి విశాఖ జిల్లా అనంతగిరి ప్రాంతపు కాల్సైట్ లీజుల మీద నడిచిన సమత కేసులో 1997 జూలై 11న సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు మైనింగ్ లీజుకు ఇవ్వకూడదని తేల్చింది. ప్రభుత్వం కూడా ఆ నిషేధం కింద ఒక వ్యక్తే అన్నది తీర్పులోని కీలకం. గిరిజన సహకార సంఘాలకు, ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థకు దారి తెరిచే ఉంచింది. 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దానికి 1970లో వచ్చిన సవరణ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ అమల్లో ఉన్నాయి. కాబట్టి అక్కడ ఎంత పెద్ద శాతం పాడినా ప్రైవేటు కంపెనీ చేతికి లీజు రాదు. 2015 సవరణ ఈ సంగతి ముట్టుకోలేదు. ముట్టుకోకపోవడమే సరైనది కూడా.

హద్దుల మాట కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఎందుకంటే బళ్లారి, ఓబులాపురం కథలో సగం హద్దుల కథే. పాత లీజు స్కెచ్చుల్లో ఒక కొండ గుర్తు, ఒక వాగు, గొలుసు కొలత. అటవీ రిజర్వు మధ్యలో రాష్ట్రాల సరిహద్దు రాయి ఎక్కడుందో తేలక, ఎవరు ఎవరి లీజులో తవ్వుతున్నారో కోర్టులు సర్వే చేయించాల్సి వచ్చింది. 2016 నిబంధనలు ఇక్కడ మాత్రం అంగుళాల లెక్కకు దిగాయి. మూల స్తంభం సిమెంటు కాంక్రీటుదై ఉండాలి, ఎత్తు 1.30 మీటర్లు, అందులో 0.70 మీటర్లు నేల పైన, 0.60 మీటర్లు లోపల. పసుపు రంగు, పైనున్న 10 సెంటీమీటర్లు ఎరుపు. దాని మీద వరుస సంఖ్య, అక్షాంశ రేఖాంశాలు, ముందు వెనక స్తంభాలకు దూరం, దిశ. లీజు గీత లోపల 7.5 మీటర్ల పట్టీ తవ్వకుండా వదలాలి. ఇన్ని రాసినా ఆచరణలో తప్పు జరిగేది రెండు చోట్ల. ఒకటి, ఉపగ్రహ సంకేతాలతో తీసే డీజీపీఎస్ కొలతను గ్రామ పటంతో కలిపేటప్పుడు పటం తయారైన నాటి ఆధార బిందువు దొరకక, మొత్తం బ్లాకు కొన్ని మీటర్లు పక్కకు జరగడం. రెండు, గుంత గీత లోపలే ఉన్నా మట్టి దిబ్బలు గీత దాటి జారిపోవడం. కర్ణాటకలో సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ లీజులను ఏ, బీ, సీ అని విడగొట్టింది కూడా ఈ కొలతలతోనే. లీజు బయటి తవ్వకం లీజు విస్తీర్ణంలో 10 శాతం, దిబ్బల ఆక్రమణ 15 శాతం, అంత దాకా ఉంటే బీ. దాటితే సీ, రద్దు.

ఉపగ్రహ నిఘా 2016లో వచ్చింది. లీజు గీత చుట్టూ 500 మీటర్ల మేర నేలలో మార్పు కనిపిస్తే హెచ్చరిక పంపుతుంది. మార్పు కనిపెట్టడం వరకు అది బాగానే పనిచేస్తుంది. అయితే అనుమతి పరిమాణానికి మించి లీజు లోపలే తవ్వితే దాని కంటికి ఏమీ పట్టదు. ఆ మించిన తవ్వకం నేరమా కాదా అన్నదాని మీద కూడా చట్టం ఒక మలుపు తీసుకుంది. 2017 ఆగస్టు 2న ఒడిశా కేసులో సుప్రీంకోర్టు, పర్యావరణ అనుమతికి, మైనింగ్ ప్లాన్‌కు మించి తీసినది కూడా అక్రమమేనని, దాని పూర్తి విలువ రాబట్టాలని చెప్పింది. 2021 సవరణలో 21వ సెక్షన్‌కు ఒక వివరణ చేర్చి, చట్టబద్ధ అధికారం లేకుండా తవ్వడం అంటే లీజు గానీ లైసెన్సు గానీ లేకుండా తవ్వడం అని కుదించారు. పరిశ్రమ దీన్ని స్పష్టత అంది. నిజానికి ఇది 2017 తీర్పుకు పళ్లు పీకడమే. లీజు ఉన్నవాడు పరిమితి దాటితే ఇతర చట్టాల కింద చర్య ఉంటుంది కానీ, ఖనిజం విలువ మొత్తం వసూలు చేసే ఆ పదును ఇందులో మిగల్లేదు.

వేలం ఏ గనికి సరిపోతుంది, దేనికి సరిపోదు అన్నది 2015 తర్వాత అందరూ ఆలస్యంగా గ్రహించిన విషయం. ఇనుము, సున్నపురాయి, బాక్సైట్ పైపైనే ఉంటాయి, ఎంత ఉందో కొద్దిపాటి బోర్లతో తేలుతుంది. రాగి, బంగారం, నికెల్, వజ్రం అలా కాదు. లోతున ఉంటాయి, పది చోట్ల వెతికితే ఒక చోట దొరుకుతాయి. అన్వేషణ స్థాయిలను జీ4 నుంచి జీ1 దాకా కొలుస్తారు. జీ4 అంటే తొలి పరిశీలన, జీ1 అంటే దగ్గర దగ్గరగా బోర్లు వేసి తేల్చిన నిల్వ. మొదట్లో నేరుగా మైనింగ్ లీజు వేలం వేయాలంటే జీ2 కావాలన్నారు. జీ3 ఉంటే కాంపోజిట్ లైసెన్సు, అంటే ముందు అన్వేషణ, తర్వాత తవ్వకం. 2021లో ఈ గీతలు సడలించి జీ4 మీద కూడా కాంపోజిట్ లైసెన్సు ఇచ్చే వీలు కల్పించారు. గీత సడలిస్తే బ్లాకుల సంఖ్య పెరుగుతుంది, కొనేవాడి నమ్మకం మాత్రం పెరగదు. 2015కు ముందు వెతికి కనుక్కున్నవాడికి లీజు మీద హక్కు ఉండేది. వేలం వచ్చాక కనుక్కున్నవాడు కూడా అందరితోపాటు పాడాల్సిందే అనేసరికి ప్రైవేటు అన్వేషణ దాదాపు ఆగిపోయింది. ఆ పని భారత భూగర్భ సర్వే సంస్థకు, ట్రస్టు డబ్బుతో పనిచేసే ఏజెన్సీలకు మిగిలింది.

2023 సవరణ ఈ లోటు పూడ్చే ప్రయత్నం. లిథియం, బెరీలియం, నియోబియం, టాంటలం, టైటానియం, జిర్కోనియం ఖనిజాలను అణు ఖనిజాల జాబితా నుంచి తీసేశారు. 24 కీలక ఖనిజాల వేలం అధికారం కేంద్రం తీసుకుంది, వచ్చే ప్రీమియం మాత్రం రాష్ట్రానికే. 29 లోతు ఖనిజాలకు అన్వేషణ లైసెన్సు అని కొత్తది తెచ్చారు. గరిష్ఠంగా 1,000 చదరపు కిలోమీటర్లు, అయిదేళ్లు, అవసరమైతే మరో రెండేళ్లు, మూడేళ్ల తర్వాత 25 శాతం విస్తీర్ణమే ఉంచుకోవాలి. దీనికి తిరగేసిన పాట. తర్వాత ఆ బ్లాకు వేలమై తవ్వకం జరిగితే వచ్చే ప్రీమియంలో తనకెంత వాటా కావాలో చెప్పాలి, తక్కువ అడిగినవాడికే లైసెన్సు. తొలి విడతగా 13 బ్లాకులను 2025 మార్చిలో వేలానికి పెట్టారు.

ఆలోచన బాగుంది, డబ్బు చేతికి వచ్చే కాలం బాగాలేదు. వెతికేవాడు అయిదేళ్లు బోర్లు వేయాలి, నివేదిక ఇవ్వాలి, రాష్ట్రం వేలం వేయాలి, పాడుకున్నవాడు పైన చెప్పిన అనుమతుల దారి అంతా నడవాలి, ఖనిజం లారీ ఎక్కాలి, అప్పుడు వాటా మొదలవుతుంది. కెనడా, ఆస్ట్రేలియాలో చిన్న అన్వేషణ కంపెనీ బతికేది కనుక్కున్న నిక్షేపాన్ని వెంటనే పెద్ద కంపెనీకి అమ్ముకుని. ఇక్కడ అతను అమ్ముకోగలిగింది భవిష్యత్తు ప్రీమియంలో వాటా, అదీ ఎంతో తెలియని ప్రీమియంలో. కనుక్కున్నవాడికి వేలంలో మొదటి నిరాకరణ హక్కయినా, అంటే ఇంకొకరు పాడిన ధరకే తాను తీసుకునే హక్కయినా, ఇచ్చి ఉంటే ఈ లైసెన్సు విలువ వేరుగా ఉండేది.

జమ్మూకశ్మీర్‌లోని రియాసి లిథియం బ్లాకు ఈ చిక్కులన్నీ ఒకే చోట చూపిస్తుంది. 2023 ఫిబ్రవరిలో 59 లక్షల టన్నుల అంచనా అని భూగర్భ సర్వే సంస్థ ప్రకటించింది. ఆ అంచనా జీ3 స్థాయిది. అదే ఏడాది నవంబరు 29న మొదలైన తొలి విడత 20 బ్లాకుల్లో దాన్ని పెట్టారు. ముగ్గురు అర్హులు రాక రద్దయింది, రెండో ప్రయత్నమూ ఫలించలేదు. కారణాలు ఊహకు అందనివి కావు. అక్కడి లిథియం ఉప్పునీటి చెరువుల్లో గానీ పెగ్మటైట్ రాళ్లలో గానీ ఉన్నది కాదు, బంకమన్ను, బాక్సైట్ పొరల్లోది. దాన్ని లాభసాటిగా వేరుచేసే పద్ధతి ఏదీ వాణిజ్య స్థాయిలో నిలదొక్కుకోలేదు. బ్లాకు సారాంశంలో శుద్ధి పరీక్షల ఫలితాలు లేకుండా శాతం పాడమంటే ఎవరు పాడతారు?

కీలక ఖనిజాల వేట తెలుగు నేల మీద ఇంకో రూపంలో దిగింది. 2015 ఫిబ్రవరిలో 31 ఖనిజాలను చిన్న ఖనిజాలుగా ప్రకటించి రాష్ట్రాల చేతికి ఇచ్చారు. ఓబులవారిపల్లె మండలం మంగంపేట ముగ్గురాయి (బెరైటీస్), గూడూరు చుట్టుపక్కల అభ్రకం, పలుగురాయి (క్వార్ట్జ్) అందులోవే. 2025 ఫిబ్రవరి 20న బెరైటీస్, అభ్రకం, క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ నాలుగింటినీ తిరిగి పెద్ద ఖనిజాల్లో చేర్చారు. కారణం సాంకేతికమైనది. పెగ్మటైట్ రాయిలో అభ్రకం, పలుగురాయితోపాటే లిథియం, బెరిల్, టాంటలం ఉండవచ్చు. చిన్న ఖనిజంగా లీజు తీసుకున్నవాడు అవి దొరికినా చెప్పడు, చెబితే తన లీజుకే ముప్పు అనుకుంటాడు. దిబ్బలో పారేస్తాడు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన సవరణ అదే భయాన్ని ఇంకో వైపు నుంచి తీర్చింది. ఉన్న లీజులోనే కొత్త ఖనిజాన్ని చేర్చుకోవచ్చు, అది కీలక ఖనిజమైతే అదనపు సొమ్ము కట్టక్కర్లేదు. లోతు ఖనిజాలకు ఆనుకుని ఉన్న విస్తీర్ణాన్ని ఒక్కసారి కలుపుకోవచ్చు, లీజుకు 10 శాతం, కాంపోజిట్ లైసెన్సుకు 30 శాతం దాకా. సొంత ప్లాంటు కోసం తీసుకున్న గనులు ఖనిజాన్ని బయట అమ్ముకోవడానికి 2021లో పెట్టిన 50 శాతం పరిమితిని ఎత్తేశారు. ట్రస్టు వాటా 2 నుంచి 3 శాతానికి పెరిగింది కూడా ఈ సవరణతోనే. గూడూరు లాంటి చోట చిన్న లీజుదారులకు అసలు మార్పు రోజువారీ కాగితాల్లో ఉంది. చిన్న ఖనిజాలపై రాష్ట్రం వసూలు చేసే సీనరేజీ రుసుము రసీదు పోయి రాయల్టీ లెక్క వస్తుంది, జిల్లా కార్యాలయం చూసే ప్లాన్ ఐబీఎం పద్ధతికి మారుతుంది, నెలవారీ రిటర్ను తప్పనిసరి.

ప్రభుత్వ సంస్థలకు వేలం లేదు. వాళ్లకు వేరే లెక్క. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఎన్‌ఎండీసీకి కర్ణాటకలోని దోణిమలై గని విషయంలో 2018లో రాష్ట్రం 80 శాతం ప్రీమియం అడిగింది. సంస్థ తవ్వకం ఆపేసింది. 2021 ఫిబ్రవరిలో 22.5 శాతానికి ఒప్పందం కుదిరి మళ్లీ మొదలైంది. ఆ వెంటనే వచ్చిన చట్ట సవరణలో ప్రభుత్వ కంపెనీలు ఇనుప ఖనిజానికి రాయల్టీలో 150 శాతం అదనంగా కట్టాలని షెడ్యూలులో రాశారు. 15 శాతం రాయల్టీకి 150 శాతం అంటే సరిగ్గా 22.5. ఒక గని గొడవలో తేలిన అంకె దేశం మొత్తానికి రేటు అయింది. పక్క గనిలో ప్రైవేటు సంస్థ 100 శాతం కడుతుంటే ప్రభుత్వ సంస్థ 22.5 కట్టడం రాష్ట్రానికి నష్టమే. అయితే సొంత గని లేని చిన్న స్పాంజ్ ఐరన్ యూనిట్లకు ఖనిజం అమ్మేది ఎక్కువగా ఆ ప్రభుత్వ సంస్థలే. వాటినీ వేలంలోకి నెడితే ముందు మూతపడేది ఆ యూనిట్లే.

పన్నుల వైపు నుంచి వచ్చిన మార్పు చట్టసభల్లో కాక కోర్టులో జరిగింది. 2024 జూలై 25న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 8-1 మెజారిటీతో రాయల్టీ పన్ను కాదని, ఖనిజ హక్కుల మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉందని చెప్పింది. ఆగస్టు 14న ఇంకో ఉత్తర్వు. 2005 ఏప్రిల్ 1 నుంచి బకాయిలు అడగవచ్చు, 2026 ఏప్రిల్ నుంచి 12 ఏళ్ల వాయిదాల్లో కట్టాలి, తీర్పు తేదీకి ముందు కాలానికి వడ్డీ, జరిమానా ఉండవు. దీంతో మొదట్లో వేసుకున్న 4,678 రూపాయల లెక్కకు ఇంకో వరుస చేరే వీలు వచ్చింది. 50 ఏళ్ల లీజుకు శాతం పాడేవాడు ఇక రాష్ట్రం ఎప్పుడైనా వేయగల పన్నును కూడా ఊహించి పాడాలి.

జిల్లా ఖనిజ ఫౌండేషన్ గురించి రెండు మాటలు. వేలం లీజులు రాయల్టీలో 10 శాతం, 2015కు ముందువి 30 శాతం కడతాయి. 2024 జనవరి మార్గదర్శకాలు గనికి 15 కిలోమీటర్ల లోపు ప్రాంతాన్ని నేరుగా ప్రభావితమైనదిగా, 25 లోపుది పరోక్షంగా గుర్తించి, 70 శాతం నిధులు తాగునీరు, వైద్యం, విద్య లాంటి వాటికే పోవాలన్నాయి. పాత లీజులు గడువు తీరి వేలంలోకి వచ్చిన కొద్దీ 30 శాతం కాస్తా 10 అవుతుంది, జిల్లా నిధి మూడో వంతుకు పడిపోతుంది. ప్రీమియం వేల కోట్లు పెరిగినా అది రాష్ట్ర ఖజానాకు చేరుతుంది తప్ప ఊరికి రాదు.

చేయాల్సిన దిద్దుబాటు వేలం గదిలో లేదు, దానికి ముందున్న గదిలో ఉంది. నోటిఫికేషన్ ఇచ్చేలోపే జీ2 దాకా బోర్లు, శుద్ధి పరీక్షలు, సర్వే నంబర్ల వారీగా భూమి లెక్క, ఒక సీజన్ పర్యావరణ కొలతలు, అటవీ తొలి అంచె అనుమతి రాష్ట్రమే పూర్తిచేసి, ఆ ఖర్చును గెలిచినవాడి నుంచి రాబట్టుకోవాలి. 2020లో నడుస్తున్న గనులకు పోటీ ఎందుకు వచ్చిందో అందరూ చూశారు. కొత్త బ్లాకును అదే స్థితికి తేవడం ఖరీదైన పనే. కానీ ఈ ఖర్చు ఎలాగూ ఎవరో ఒకరు పెట్టాలి, బ్లాకుకు ఒకసారి పెడితే చాలు. దాంతోపాటు లెటర్ ఆఫ్ ఇంటెంట్ దశలో కట్టే మొదటి వాయిదాను పెంచాలి. 4 కోట్లతో 8,000 కోట్లను పట్టి ఉంచే వీలు ఉన్నంతకాలం గట్టిగా పాడేవాడూ, గని తెరవాలనుకునేవాడూ వేర్వేరు మనుషులుగానే ఉంటారు.

దీనికి గడువు కూడా ఒకటి ఉంది. సొంత ప్లాంటు కోసం 2015కు ముందు ఇచ్చిన లీజులు 2030 మార్చి 31 దాకా, లేదా అప్పటికే నడుస్తున్న పునరుద్ధరణ కాలం ముగిసేదాకా, లేదా మొదట మంజూరైన తేదీ నుంచి 50 ఏళ్లు, ఏది తర్వాత వస్తే అంతవరకు నడుస్తాయి. 1995 లీజుకు 2045 దాకా భయం లేదు. 1980కు ముందు మంజూరైనవాటిలో అత్యధికం 2030లో ఒకేసారి ముగుస్తాయి. ఉక్కు, సిమెంటు ప్లాంట్లు వాటి మీదే నడుస్తున్నాయి. పాత లీజుదారుకు వేలంలో మొదటి నిరాకరణ హక్కు ఉంది, అంటే ఎవరో పాడిన శాతానికే తాను తీసుకోవచ్చు. ఆ హక్కు ఉందని తెలిసినప్పుడు బయటివాళ్లు కష్టపడి నిల్వలు లెక్కించి బిడ్డు వేయడానికి వెనకాడతారు. అప్పుడు మొదటి విడతలో ముగ్గురు అర్హులు రారు, అది రద్దు చేసి మళ్లీ నోటిఫికేషన్ ఇవ్వాలి. ఆ రెండో విడతకు పట్టే నెలలను కూడా 2030 మార్చి నుంచి వెనక్కి లెక్కపెట్టి వేలం తేదీలు వేసుకోని రాష్ట్రంలో ప్లాంటు ఉంటుంది, దాని గనికి మాత్రం యజమాని ఉండడు.